మూడు లాంతర్లు: వీథి వెలుగుపై ప్రజాభిప్రాయం

పండుగనాడు వీథుల్లో దీపాలంకరణ అవసరమా, దుబారానా అన్న వాదం ఏటేటా వస్తూనే వుంటుంది. ఆశ్వయుజంలో సిరిమాను సంబరానికి తోరణాలు కట్టినా, డిసెంబరులో క్రిస్మస్ నక్షత్రాలు వేలాడదీసినా అవే రెండు మాటలు వినబడతాయి. ప్రజాధనం బూడిదపాలయిందని ఒకరంటారు. కష్టజీవికి ఏడాదికొకసారి కలిగే సంతోషాన్ని కాదనడం తగదని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం వుంది. కాని, ఆ వెలుగు ఎవరి చేతిమీదుగా వచ్చింది, ఎవరి శ్రమమీద నిలిచింది అనే ప్రశ్న రెండు పక్షాలూ వెయ్యవు. విజయనగరం చరిత్ర ఆ ప్రశ్న వేస్తుంది.

ఆ పట్టణం నడిబొడ్డున వున్న కూడలికి మూడు లాంతర్లని పేరు. అక్కడి దీపస్తంభం 1869 నాటిదని పట్టణం చెప్పుకుంటుంది. అది పూసపాటి విజయరామ గజపతిరాజు ఏలుబడి. అంతకు రెండేళ్ల ముందు, 1867లో, ఆ మహారాజే లండన్ హైడ్ పార్కులో దాహం తీర్చే రాతి కట్టడమొకటి పెట్టించాడు. దాన్ని 1964లో తొలగించారు. లండన్ వాసికి నీరు, విజయనగరం బాటసారికి వెలుగు: రెండూ దానాలే. ఆ దానాలకు పెట్టుబడి జమీందారీ శిస్తు. ఆ శిస్తు కట్టింది రైతు. రైతు సొమ్ము రాజుగారి ఔదార్యమై తిరిగి వీథిలో వెలగడమే భూస్వామ్య వ్యవస్థ నేర్పు. అంతమాత్రాన ఆ దీపం చూపిన దారి అబద్ధమని మనం అనలేం. చీకట్లో సంతనుంచి వచ్చేవాడికి దీపం దీపమే.

1888లో విజయనగరానికి మునిసిపాలిటీ వచ్చింది. మార్పు ఇక్కడుంది. పురపాలక పద్ధతిలో వీథిదీపం పన్ను కట్టినవాడి హక్కు. దానం తగ్గితే అడగటానికి వీల్లేదు. దీపం ఆరితే పురపాలకుణ్ణి నిలదీయవచ్చు. వెలుగు గురించి ప్రజాభిప్రాయం అనే మాటకు అర్థం వచ్చేది ఈ మార్పుతోనే.

తర్వాత విద్యుత్తు వచ్చింది. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉత్తరాంధ్ర పట్టణాల రాత్రిని మార్చింది. జలాపుట్ ఆనకట్ట నీటికింద పల్లెలు మునిగాయి. ఊళ్లు విడిచిన కుటుంబాలు దాదాపు 3,000. అందులో సగానికి పైగా గిరిజనులే. మైదానంలో పెళ్లిపందిళ్లు రంగుదీపాలతో మెరిశాయి గాని, కొండల్లోని పల్లెలు అనేకం దశాబ్దాల తరబడి కిరసనాయిలు బుడ్డిమీదే బతికాయి. దుబారా అనే మాట వాడదలచుకుంటే ముందు ఈ లెక్క చూడాలి.

ఇతర దేశాల అనుభవం కూడా చూద్దాం. లండన్ రీజెంట్ వీథిలో 1954లో క్రిస్మస్ దీపాలు మొదలుపెట్టింది చర్చి కాదు, అక్కడి వర్తకులు. మాంద్యం ముదిరిన 1976, 1977 సంవత్సరాల్లో ఆక్స్‌ఫర్డ్ వీథికి దీపాలే లేవు. కొనేవాడి చేతిలో డబ్బుంటేనే అక్కడ పండుగ వెలిగింది. భక్తి తెర ముందు, బేరం తెర వెనక.

మన ప్రాంతంలో క్రిస్మస్ నక్షత్రం కథ వేరు. 19వ శతాబ్ది చివరి పాదంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల్లో కేంద్రాలు పెట్టారు. ఊరి నడివీథి తనది కాదని తరతరాలుగా విన్న మనిషి తన గుమ్మంపైన వెదురుబద్దలతో, రంగుకాగితంతో నక్షత్రం కట్టి లోపల దీపం పెట్టుకున్నప్పుడు, ఆ దీపానికి మతానికి మించిన అర్థముంది. నేనూ ఈ ఊరివాణ్ణే అని అది చెబుతుంది. దాన్ని కోటగోడమీది విద్యుద్దీపాలతో ఒకే గాటకట్టి వృథా అనడం విమర్శ కాదు, గుడ్డితనం.

సిరిమాను సంబరానికీ ఇదే వర్తిస్తుంది. దసరా వెళ్లిన మంగళవారంనాడు పైడితల్లి పూజారిని సిరిమాను కొసన కూర్చోబెట్టి, మూడు లాంతర్ల కూడలిలోని గుడినుంచి కోటవరకు ఊరేగిస్తారు. జనం పల్లెపల్లెనుంచి వస్తారు. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగ చేశారు. సూర్యుడి పండుగకు శ్రీకాకుళం వీథులు విద్యుద్దీపాలతో వెలిగాయి. ప్రజలు ఈ వెలుగును ఇష్టపడతారు. ఆ ఇష్టాన్ని వెక్కిరించే మేధావి ప్రజలకు దూరమవుతాడు. దాన్ని తన పటం చుట్టూ అలంకరించుకునే నాయకుడు ప్రజల్ని మోసగిస్తాడు.

2020 మే నెలలో సుందరీకరణ పేరిట మూడు లాంతర్ల స్తంభాన్ని కూలగొట్టారు. పూసపాటి వంశీయుడు అశోక్ గజపతిరాజు నిరసించారు; అభివృద్ధికోసమేనని అవతలి పక్షం సమర్థించుకుంది. వాదం రాజవంశానికీ, పాలకపక్షానికీ మధ్య తగవుగా సాగింది. ఆ దీపంకింద నూటయాభై ఏళ్లు నడిచినవారి మాట అందులో ఎంత వినబడింది? దానమిచ్చినవాడి వారసత్వం గుర్తుకొచ్చింది, శిస్తు కట్టినవాడి వారసత్వం గుర్తుకు రాలేదు.

కనుక పండుగ దీపాలు ఆర్పమనడం మన పని కాదు. ఖర్చు లెక్క బహిరంగంగా చెప్పమనాలి. కోటవీథిలో మూడురోజులు వెలిగిన దీపానికి ముందే పేటవీథిలో మూడువందల అరవైఐదు రోజులూ వెలిగే దీపముండాలనాలి. కొండను ముంచి తెచ్చిన కరెంటు ముందు కొండకు చేరాలనాలి. ఆ తర్వాత పండుగకు ఎన్ని దీపాలు పెట్టుకుందామన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవచ్చు.