ఎవరికి వినబడవలెను?

ఎలక్ట్రానిక్సు ఇంజనీర్లతో ఒక పూట కూర్చుండి మాటలాడిన వారికి రెండు మొరలు తప్పక వినబడును. మొదటిది తాము వాడు డిజైను సాఫ్ట్‌వేరును గూర్చినది. తెరమీద అంతయు సరిగానే యున్నదని అది చెప్పును; వస్తువు తయారై బల్లమీదికి వచ్చిన పిమ్మట పనిచేయదు. రెండవది పైనుండి వచ్చు స్పెసిఫికేషను, అనగా నిర్దేశ పత్రమును గూర్చినది. అందు "తగినంత బిగ్గరగా మ్రోగవలెను", "అన్ని వాతావరణములకు ఓర్చుకొనవలెను" అని వ్రాసియుండును. ఎంత బిగ్గరగా, ఏ వాతావరణమునకు అని అడిగినచో జవాబు రాదు. సగము పని ముగిసిన తరువాత మాత్రము పత్రము మారును.

ఈ మొరలు నిజమైనవే. కాని వీని బరువు తెలియవలెనన్న నగరములోని కర్మశాల చాలదు. కృష్ణానది సముద్రమును కలియు చోటికి, హంసలదీవి దాటి పాలకాయతిప్పకు పోవలెను. అచట ఇసుక, ఉప్పునేల, మడచెట్లు, చేపల వలలు. మేము ఆ యొడ్డున నిలిచి చూచినపుడు మొదట తోచిన దొక్కటే: ఉప్పెన వచ్చినచో పరుగెత్తి ఎక్కుటకు ఇచట గుట్ట లేదు. ముందుగా తెలియుటయే రక్షణ. కనుక తుఫాను హెచ్చరికను మోయు యంత్రమునకు వ్రాసిన నిర్దేశములో ఒక పంక్తి లోపించినచో, దాని ఫలితమును ఈ తీరమే అనుభవింపవలెను.

ఆ కథ బందరునుండి మొదలగును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విరుచుకుపడినది. సుమారు ముప్పదివేలమంది మరణించిరని నాటి అంచనా. అంతకు నెలముందే కలకత్తాపై మరియొక తుఫాను పడియుండెను. ఈ రెండు దెబ్బల పిమ్మట 1865లో కలకత్తా రేవున తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణ శాఖ నెలకొన్నది. అయితే ఆ తొలి ఏర్పాటు ఎవరికొరకు? రేవు స్తంభముపై ఎగురవేసిన గుర్తు ఓడ నడుపువానికి కనబడుటకొరకు. గుడిసెలోని పల్లెవానికి ఆ గుర్తు కనబడదు. కనబడినను దాని అర్థము తెలియదు. యంత్రాంగము తనకు నిర్దేశించిన పనిని చక్కగానే చేసినది. నిర్దేశములో పల్లెవాడు లేడు.

పిదప రేడియో వచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాటినుండి కృష్ణాతీరమునకు తెలుగు పలుకు దగ్గరనుండి అందినది. గుర్తుకన్న మాట ఎంతో మేలు. కాని రేడియో వినవలెనన్న మూడు షరతులు తీరవలెను: ఇంట పెట్టె ఉండవలెను, దానికి విద్యుత్తో బ్యాటరీయో ఉండవలెను, ఆ నిమిషమున ఎవరో ఒకరు దానిని విప్పి యుంచవలెను. నిద్రించు ఊరిని రేడియో లేపజాలదు.

1977 నవంబరు 19న ఈ లోటు బయటపడినది. హెచ్చరికలు వెలువడకపోలేదు. తుఫాను తొలుత పడమరగా నడచి, పిదప ఉత్తరమునకు మళ్ళి తీరమును తాకినది. ఉప్పెన దివిసీమ ఊళ్ళను ముంచివేసినది. సొర్లగొంది మొదలగు గ్రామముల పేర్లు నాటినుండి దుఃఖముతో కలిసిపోయినవి. సుమారు పదివేలమంది పోయిరని లెక్క. అంతకు మించియుందురని చెప్పువారును కలరు.

అపుడు రాడార్లు పెంచవలెనని దేశము తలచినది; మచిలీపట్నమునందును తుఫాను రాడారు వెలసినది. ఇచట పత్రమును చదువుట యెట్లో తెలియవలెను. రాడారు నాలుగువందల కిలోమీటర్ల దూరము చూచునని పత్రము చెప్పును. అది నిజమే. కాని భూమి గుండ్రన. తిన్నగా పోవు కిరణము అంత దూరము చేరుసరికి నేలకు తొమ్మిది కిలోమీటర్లకు పైనుండును. అది మేఘపు తలను చూచును గాని సముద్రపు మట్టమును చూడదు. ఉప్పెనలో గాలిపీడనము తగ్గుటవలన పెరుగు నీరు స్వల్పము: ఒక మిల్లిబారు తగ్గినచో నీరు ఒక సెంటిమీటరు లేచును. పీడనము అరువది, డెబ్బది మిల్లిబార్లు పడినను ఇది మీటరునకు లోపే. తక్కిన నీటి నంతటిని లోతులేని తీరముపైకి గాలియే నెట్టుకొనివచ్చును. రాడారు తెరపై ఈ నీరు అగపడదు.

చూచుట ఒక పని, చెప్పుట మరియొక పని. రెండవదానికి 1983 ఆగస్టు 30న ఎగసిన ఇన్సాట్-1బి ఉపగ్రహము దారి చూపినది. దాని సాయమున ఇస్రో, వాతావరణ శాఖ కలిసి తీరగ్రామములకు హెచ్చరిక గ్రాహకములను నిర్మించినవి. తొలుత ఆంధ్ర, తమిళ తీరములలో సుమారు నూరు అమర్చిరి. మద్రాసులోని తుఫాను హెచ్చరిక కేంద్రమునుండి సందేశము ఉపగ్రహమునకు పోయి మరలివచ్చును. ప్రతి సందేశమునకు ముందు ఒక సంకేతము. ఆ సంకేతమునకు చెందిన జిల్లాల పెట్టెలు మాత్రమే మేల్కొనును. మొదట సైరను మ్రోగును, పిదప మన భాషలో మాట వినబడును. ఎవరును మీట నొక్కనక్కరలేదు. నెలల తరబడి మౌనముగా నుండి, ఒక్క రాత్రి తప్పక పలుకుటయే ఆ పెట్టె పని.

ఇట్టి నిర్దేశములో ప్రతి అంకెకు ప్రాణమున్నది. తరంగము పండ్రెండు సెంటిమీటర్లది కావున కుంభవృష్టిలోను అంతగా క్షీణింపదు. దివిసీమనుండి చూచినచో ఆ ఉపగ్రహము సుమారు 70 డిగ్రీల ఎత్తున నుండెను; చెట్టు, మిద్దె అడ్డు రావు. గాలికి ఓర్చుట వేరు సంగతి. గాలివేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగును. గంటకు 200 కిలోమీటర్లని వ్రాయుటకును 250 అని వ్రాయుటకును నడుమ పళ్ళెపు ఆంటెనాపై పడు బరువు ఒకటిన్నర రెట్లకు మించును. పత్రములో "బలమైన గాలి" అని మాత్రమే యుండిన, ఇంజనీరు దేనికి కట్టవలెను?

సాఫ్ట్‌వేరు మొరకును సమాధానము ఇచటనే యున్నది. 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునుండి స్పైస్ అను ప్రోగ్రాము వెలువడినది. సర్క్యూటులో ఎచట ఎంత వోల్టేజి, ఎంత కరెంటు ఉండునో అది లెక్కకట్టును. నేటి అనేక డిజైను సాఫ్ట్‌వేర్లకు అదియే మూలము. దాని దృష్టిలో తీగయనగా నిరోధము లేని తీగ. రెండు తీగల నడుమ ఖాళీ యనగా పూర్తి ఖాళీ. పాలకాయతిప్పలో ఆ ఖాళీలోనే ఉప్పుతేమ పేరుకొనును. దానిగుండా కరెంటు దొంగదారిన జారును, రాగి పచ్చబారును. తెరమీద బ్రతికిన సర్క్యూటు ఒడ్డున చచ్చును. సాఫ్ట్‌వేరు అబద్ధమాడినదని ఇంజనీరు విసుగుకొనును. అది అబద్ధమాడలేదు. దానికి సముద్రమును గూర్చి ఎవరును చెప్పలేదు. చెప్పవలసినది నిర్దేశ పత్రము.

1990 మే 9న మరియొక మహా తుఫాను కృష్ణ ముఖద్వారము చెంతనే తీరము దాటినది. బలమున 1977 నాటిదానికి తీసిపోనిది. ఈసారి హెచ్చరికలు ముందుగా గ్రామములకు చేరినవి. లక్షకు పైబడిన జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. మరణములు వెయ్యికి లోపుగా నిలిచినవి. ఈ ఘనత నంతయు ఒక పెట్టెకు కట్టబెట్టుట న్యాయము కాదు. రాడారు చూచినది, అధికారులు కదలిరి, తుఫాను రక్షణ గృహములు నిలిచినవి, పదుమూడేండ్లనాటి జ్ఞాపకము జనమును నడిపించినది. అయినను లేచి నడువుమని చెప్పిన గొంతు వేళకు వినబడుట ముఖ్యము. ఆ వెయ్యిలోపు ప్రాణములును తక్కువ కావు. ఏ గుడిసెకు మాట చేరలేదో, చేరియు ఎందుకు నమ్మలేదో విచారింపవలసియే యున్నది.

నేడు హెచ్చరిక చేతిలోని ఫోనునకే వచ్చుచున్నది. అయినను పాత ప్రశ్న పోలేదు. స్తంభము కూలి, టవరు బ్యాటరీ అడుగంటిన రాత్రి ఆ ఫోను ఏమి పలుకును? ఇంజనీర్ల విసుగును మేము తప్పుపట్టము. అస్పష్టమైన పత్రముపై సంతకము చేయక, ఇది ఎవరికి, ఏ రాత్రి, ఎంత దూరమునుండి వినబడవలెనని మొండిగా అడుగు ఇంజనీరు పాలకాయతిప్ప పక్షమున మాటలాడుచున్నాడు. పత్రము వ్రాయువారు ఒక్కమారు ఆ యొడ్డునకు వచ్చి నిలుచుట మంచిది.

ఇక ఇంటింటి మాట. ఏప్రిల్, మే నెలలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును బంగాళాఖాతము కుదురుగా నుండదు. ఆ దినములలో బ్యాటరీ రేడియోకు క్రొత్త ఘటములు వేసి అందుబాటున ఉంచుకొనుడు. హెచ్చరిక విన్నప్పుడు రేడియో లేని పొరుగింటి తలుపు తట్టుడు. ఏ యంత్రము అందని చోటికి ఆ పిలుపు అందును.