కొత్త వైఫై బాక్సు పెట్టినా నెట్ ఆగుతోందా? మండలాఫీసుల్లో ముందు చూడాల్సింది ఇదే!

ప్రభుత్వ ఆఫీసులో పని ఆగిందంటే వినిపించే మాట ఒక్కటే.. ‘సర్వర్ డౌన్’. అయితే ప్రతిసారీ తప్పు సర్వర్‌దే కాదు. కొన్నిసార్లు ఆఫీసు గోడకు బిగించిన పాత వైఫై బాక్సే చేతులెత్తేస్తుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లినే తీసుకుంటే.. 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజనప్పుడు ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి కొత్త మండలమైంది. చుట్టూ అడవి, తండాలు. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలయ్యాక సాగు భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులకే వచ్చాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. వేలిముద్ర నుంచి పాసుబుక్కు దాకా అంతా ఆన్‌లైనే. స్లాట్ బుక్ చేసుకుని, సాక్షులను వెంటబెట్టుకుని తండా నుంచి వచ్చిన రైతుకు ఆ పూట నెట్ లేకపోతే ఆటో కిరాయి, ఒకరోజు కూలి రెండూ పోయినట్టే.

ఇలాంటి ఆఫీసుల్లో వైఫై ఇచ్చే పరికరమే యాక్సెస్ పాయింట్. 2009 నాటి వైఫై 4, 2013లో వచ్చిన వైఫై 5 రకాలు ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి. 2019లో వైఫై 6, 2024 జనవరిలో వైఫై 7 సర్టిఫికేషన్లు మొదలయ్యాయి. పాత బాక్సు ఒక్కో ఫోన్‌కు ఒక్కో ఆటో పంపుతుందనుకుంటే, వైఫై 6 బస్సులా ఒకే ట్రిప్పులో పలు ఫోన్ల డేటాను ఎక్కించుకుంటుంది. జనం గుమిగూడే ఆఫీసులో తేడా తెలిసేది ఇక్కడే. కానీ ఫోన్, ల్యాప్‌టాప్‌లలోనూ వైఫై 6 ఉంటేనే ఈ లాభం. పాతవి కనెక్టయితే అవుతాయి గానీ పాత పద్ధతిలోనే.

మరి కొత్తది కొనేస్తే సరిపోతుందా? తొందర వద్దు. ముందు బయటి నుంచి వచ్చే లైన్‌ను కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి స్పీడ్ చూడాలి. అక్కడే నెమ్మదిగా ఉంటే తప్పు వైఫైది కాదు. పంచాయతీలకు భారత్‌నెట్, రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే కేబుల్ వేసిన టీ-ఫైబర్.. ఏ లైనైనా సరే, 20 ఎంబీపీఎస్ వచ్చేచోట ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా వచ్చేది ఆ 20 లోపే.

లైన్ బాగుంటే అప్పుడు కేబుల్, స్విచ్ చూడాలి. కొత్త యాక్సెస్ పాయింట్లు చాలావరకు నెట్ కేబుల్ ద్వారానే కరెంటు తీసుకుంటాయి. దీన్నే పీఓఈ అంటారు. పాత ప్రమాణంలో స్విచ్ పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, తర్వాతి దాంట్లో 30 వాట్లు. పాత స్విచ్‌కు కొత్త బాక్సు తగిలిస్తే అసలు ఆన్ కాకపోవచ్చు, అయినా సగం బలంతో పనిచేయొచ్చు. పీఓఈతో ఇంకో లాభం.. స్విచ్‌కు, లైన్ మోడెమ్‌కు కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా వైఫై ఆగదు. కరెంటు కోతలున్న ఊళ్లలో వైఫై 7 కంటే ముందు కొనాల్సింది ఆ యూపీఎస్సే.

బాక్సును ఇనుప బీరువా వెనక దాచొద్దు. గది మధ్యలో పైకప్పుకు బిగించాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క బాక్సులకు 1, 6, 11 చానెళ్లే వాడాలి, లేదంటే ఒకదాని సిగ్నల్‌ను మరొకటి చెడగొడుతుంది. కుదిరితే 5 గిగాహెర్ట్జ్‌కు మారడమే మేలు. దాన్ని కేంద్రం 2018లోనే లైసెన్సు అక్కర్లేకుండా విస్తరించింది. 6 గిగాహెర్ట్జ్ కింది భాగానికి ముసాయిదా నిబంధనలు 2025 మేలో వచ్చాయి.

ఇక రిజిస్ట్రేషన్ కంప్యూటర్, వేలిముద్ర యంత్రం ఉన్న టేబుల్‌కు వైఫై ఎందుకు? కదలని వాటికి కేబులే పెట్టాలి. వైఫై ఫోన్లకు, ట్యాబ్‌లకు వదిలేయాలి. వచ్చిపోయేవారికి వైఫై ఇస్తే దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకుండా, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో విడిగా నడపాలి.