గాదె కాపరికి చేప వంతు

తిరువూరు సీమయందలి పెనుగొలను వంటి పల్లెలలో పిల్లిని పెంచినది గాదెకొఱకు. సంక్రాంతినాటికి ఇల్లు చేరిన ధాన్యమును మరల క్రొత్తపంట వచ్చుదాక ఎలుకల బారినుండి కాపాడుకొనవలసిన రైతుకుటుంబము ఆ కాపరికి పాలన్నమో, చల్లయన్నమో ఇంత పెట్టెడిది. కడుపునిండుటకు వలయు మాంసమును అది వేటాడియే సంపాదించుకొనెడిది.

చేప వంతు వేసవిలో వచ్చెడిది. చెరువు అడుగంటి, ఊరివారు వలలతో మడుగులలోనికి దిగిన దినములలో జెల్లలు, పరిగెలు, కొఱ్ఱమీనులు ఇంటింటికిని చేరగా, పెరటిలో ఇల్లాలు బూడిదతో చేపలు తోముచోటికి పిల్లులు ముందే వచ్చి కూర్చుండెడివి. మొప్పలు, పేగులు వానివే. చెరువెండగానే ఆ విందు ముగిసి, అవి మరల ఎలుకలవెంట పడెడివి. ఈ మితమును విధించినది శాస్త్రము కాదు, చెరువు. అయినను దాని విలువ ఎంతయో తరువాతగాని తెలియలేదు.

1932లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున చాస్టెక్ అనునతని పెంపకశాలలో పచ్చి కార్ప్ చేపలు మేసిన నక్కలు కాళ్లు చచ్చుబడి మరణించినవి. ఆ చేపలలోని థయమినేజ్ అను ఎంజైము ఆహారమందలి బి1 విటమినును నాశనము చేయుచున్నదనియు, ఉడికించినచో ఆ దోషము పోవుననియు పరిశోధకులు క్రమముగా కనుగొనిరి. 1944లో పచ్చిచేప మేపిన పిల్లులయందును ఆ లోపమే బయటపడినది. టారిన్ అను పోషకము లేనిచో పిల్లికి కంటి వెనుకపొర క్షీణించునని 1975లో తేలినది. పాలన్నములో చాలని ఆ టారిన్‌ను పల్లెపిల్లికి సమకూర్చినది గాదెక్రింది ఎలుకయే!

ఇంతలో చేపల కాలమే మారినది. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారమును ఎక్కించి కార్ప్ చేపలచేత గ్రుడ్లు పెట్టించిన పిమ్మట, ఆ కుటుంబమునకే చెందిన బొచ్చె, శీలావతి కృష్ణా గోదావరి జిల్లాల చెరువులలో విరివిగా పెరిగి ఏడాది పొడవునను బజారుకు రాసాగినవి. ధాన్యమో, గాదె ముఖము చూడకయే కళ్లమునుండి మిల్లుకు పోవసాగినది. అట్లు పిల్లికి ఎలుక కొఱవడి, చేపతల నిత్యాహారమైనది.

ఆ తలను దినదినము పచ్చిగనే వేయు ఇండ్లను చూచినపుడు నాకు మిక్కిలి బాధ కలుగును. వారి ప్రేమకు లోటు లేదు, లోటెల్ల పొయ్యి వెలిగింపకపోవుటయందే. పులుసులో పడకముందే రెండు ముక్కలు వేఱుగా తీసి, ఉప్పుకారములు లేక నీట ఉడికించి, ముండ్లు ఏరి, వారమున ఒకటి రెండు మారులు పెట్టినచో చాలును. తక్కిన దినములకు ఉడికించిన కోడిమాంసము, అప్పుడప్పుడు కొంచెము కార్జము ఉండనే యున్నవి. పులుసుముక్కను మాత్రము కడిగియైనను పెట్టరాదు, అందలి ఉల్లి పిల్లి నెత్తుటిలోని ఎఱ్ఱకణములను చెఱచును.