దామనపల్లి ఘాట్‌లో మెరవని తుపాకులు

అల్లూరి సీతారామరాజు దళం మంత్రబలంతో మాయమయ్యేదని చిన్నప్పుడు విన్నాం. మీరూ వినే ఉంటారు. ఆ మాటల చాటున మన మన్యం వీరుల నేర్పు మరుగున పడుతోందన్నదే నా బాధ.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఈ మూడు పోలీసు స్టేషన్లలో దళానికి 26 తుపాకులు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పోలీసు బలగం ముందు వరుసలో నడిచిన భారతీయులను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీదే గురిపెట్టారు. ఇద్దరూ నేలకూలారు. అంటే ముందు వరుస దాటిపోయేదాకా పొదల్లోని మనవాళ్లు ఎవరి కంటా పడలేదు. ఒక్క తుపాకీ గొట్టం ఎండకు తళుక్కుమన్నా పని చెడేది!

అడవిలో మనిషిని పట్టించేవి కదలిక, మెరుపు. తోమిన ఇనుమే కాదు, చెమట పట్టిన నుదురు, ముక్కు, చెంపలు కూడా మెరుస్తాయి. పొడి బొగ్గు, మట్టి రాస్తే ఆ మెరుపు చస్తుంది. అందులో నూనె కలిపితే మళ్లీ మొదటికే.

తెల్లవాళ్లకు ఈ పాఠం నిదానంగా ఎక్కింది. 1840లలోనే పెషావరులో లమ్స్‌డెన్ తన గైడ్స్ దళానికి మట్టిరంగు బట్టలు తొడిగించాడు. పర్షియన్‌లో 'ఖాక్' అంటే దుమ్ము, ఖాకీ పేరు అలా వచ్చింది. అయినా 1885లో సూడాన్‌లోని గిన్నిస్ పోరుకు ఎర్రకోట్లతోనే దిగారు.

గాం గంటం దొర, మల్లు దొరల వెంట నడిచినవాళ్లు అడవిలో పుట్టి పెరిగినవాళ్లు. ఎండ ఎటు, నీడ ఎటు అన్నది వాళ్లకు ఒకరు చెప్పాలా? మొన్న ఇటుకల పండగకు మా కుర్రాడొకడు తెల్లచొక్కా, మెరిసే వాచీతో అడవికి బయల్దేరితే, ఊరి తాత ఇంటికి తిప్పి పంపేశాడు.