వార్త ఎక్కడ మొదలవుతుంది?

పల్లెలో నెత్తురు పారిన రోజున పత్రిక అబద్ధమే రాయనక్కరలేదు. కథను ఏ గడియ నుంచి మొదలుపెట్టాలో తాను నిర్ణయిస్తే చాలు. దోషి ఎవరన్నది ఆ నిర్ణయంలోనే తేలిపోతుంది. మా హుస్నాబాద్ ప్రాంత చరిత్రను, దానికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ చరిత్రను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు బోధపడిన విషయం ఇది.

1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసు బలగాలతో జరిగిన పోరులో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు, మొత్తం 12 మంది నేలకొరిగారు. వారి దళం ఊళ్లల్లో పటేల్, పట్వారీల దఫ్తర్లు తగలబెట్టింది. కథను అక్కడ మొదలుపెట్టండి: సర్కారు కాగితాలు కాల్చినవారిని సర్కారు కాల్చింది. లెక్క సరిపోయింది! కాని ఆ దఫ్తర్లలో ఏముండేదో అడగండి. పేదవాడు దున్నిన భూమి దొర పేరున ఎక్కిన తీరు, తీరని నాగు, లెవీ బాకీలు కనబడతాయి. అప్పుడు కథకు ఆరంభం అగ్గిపుల్ల కాదు, పట్వారీ కలం.

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో ఈ ప్రశ్న అడగడమే సాహసం. అదే ఏడు ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రాజధానిలోనే హత్య చేశారు. సంపాదకుడికే రక్షణ లేని చోట గుట్టల నడిమి పల్లె సాక్ష్యాన్ని ఎవరు అచ్చువేస్తారు?

నిజాం పాలన పోయింది, పత్రికలు పెరిగాయి. మరి పద్ధతి మారిందా? 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు మొదట అనుమతి ఇచ్చి, తరువాత రద్దు చేశారు. ఆ సంగతి తెలియని గోండులెందరో నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు కూడా మరణించాడు. చనిపోయిన గిరిజనులు 13 మంది అన్నది ప్రభుత్వం. 60కి పైగా అన్నాయి పౌరహక్కుల సంఘాలు.

అధికారుల కథనం పోలీసులపై దాడితో మొదలవుతుంది. దీనికి ప్రతి విలేఖరిలోనూ దుర్బుద్ధి వెదకనక్కరలేదు. ఠాణాకు టెలిఫోను ఉంది, గూడేనికి లేదు. మొదట అందిన అంకె మొదటి పుటకు ఎక్కుతుంది. ఆ తరువాత పల్లె చెప్పేదంతా ‘ఆరోపణ’ అవుతుంది.

గోండుల కథ ఆ మధ్యాహ్నం మొదలు కాలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమును చంపిన తరువాత నిజాం ప్రభుత్వమే హైమెండార్ఫ్ పండితుణ్ణి పంపి, కారణాలు విచారింపజేసి, కొందరికి పట్టాలు ఇచ్చింది. పిమ్మట వలస వచ్చినవారి చేతుల్లోకి, షావుకార్ల చేతుల్లోకి ఆ భూములు జారుతూనే వచ్చాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోరాదన్న 1970 నాటి 1/70 శాసనం ఉండగానే ఇది సాగింది. నలభై ఏళ్ల ఈ దోపిడీ ఏ ఒక్కరోజూ ‘వార్త’ కాలేదు. గోండు నేలమీద కూలిన రోజే వార్త అయింది, అదీ ‘శాంతిభద్రతల’ శీర్షిక కింద! అమరుల స్తూపాన్ని సైతం 1986లో పేల్చివేశారు. అది తిరిగి లేచాక కూడా ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడ నిషేధాజ్ఞలు విధించారు. ఘటన ఆరంభాన్ని దాచేవారికి దాని జ్ఞాపకం కూడా ప్రమాదకరమే మరి.

అయితే పాలకవర్గ పత్రికలను నిందించి చేతులు దులుపుకుంటే సరిపోదు. మహమ్మదాపూర్ గురించి మన వేదికలపై రెండు పేర్లు మారుమోగుతాయి. మిగిలిన పదిమంది చాలా తరచుగా ‘తదితరులు’ అయిపోతారు. సర్కారు మనిషిని అంకెగా మారుస్తుంటే, మనం వానిని నినాదంగా మారుస్తున్నాం. రెండింటిలోనూ కనబడనిది ఆ మనిషి దున్నిన చెలక, మోసిన అప్పు.

కనుక విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! పల్లె గురించిన ఏ నెత్తుటి వార్త చదివినా ముందుగా అడగవలసింది ఎంతమంది చనిపోయారని మాత్రమే కాదు: ఆ నేల అంతకు ముందు ఎవరిది, ఎలా చేతులు మారిందని. దానికి జవాబు మరునాటి పత్రికలో దొరకదు. పహాణీలోను, ముసలివాళ్ల నోటిలోను ఉంటుంది. దాన్ని రాసిపెట్టే పని మనదే.