బీదర్ పోయి తాగొచ్చినాయన

సాయంత్రం ఆరున్నర. సికింద్రాబాద్‌లో బస్సు దిగి, ఫోన్లో చెప్పిన సందు వెతుక్కుంటూ నడుస్తున్నావు. సందు మొదట్లోనే వైన్స్. జీతాల వారం కదా, జనం రోడ్డు మీదికొచ్చేశారు. ఒకడు క్వార్టర్ సీసా నడుముకి దోపుకుని, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, పల్లీల పొట్లం పట్టుకుని, నీ భుజాన్ని రాసుకుంటూ పర్మిట్ రూమ్‌లోకి పోతాడు. వాసన తగలగానే నీ నోట్లో నీళ్లూరతాయి. నిన్న రాత్రి నుంచి ఒక్క చుక్క పడలేదు. జేబులో పెట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది.

మానడం నీకు కొత్తేం కాదు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ ముట్టవు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే సీసా మూత తీస్తావు. మీ అమ్మ గోడ మీది రాతలు నమ్మి ఏదో పొడి తెచ్చి, నీకు చెప్పకుండా పప్పులో కలిపింది. వాంతులయ్యాయి, తాగుడు పోలేదు. పిల్లల తల మీద ఒట్లూ అయ్యాయి. చివరికి నీ భార్య తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసింది. వాళ్లు డీ-అడిక్షన్ కేంద్రాల సంగతి చెప్పారు. మానేసినవాళ్లు కలిసి కూర్చునే చోట్లుంటాయని కూడా విని ఉంది తను, ఆ నంబరూ సంపాదించింది. ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అనే అంటారు. ఫోనెత్తినాయన నీ పేరైనా అడగలేదు. "రా అన్నా. తాగొచ్చినా పర్లేదు, లొల్లి చెయ్యకుంటే చాలు."

చర్చి ఆవరణలో స్కూలు గది. నల్లబల్ల మీద పొద్దుటి ఎక్కాలు ఇంకా చెరపలేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఆటో డ్రైవరు ఖాకీ చొక్కా, బ్యాంకు ఉద్యోగి టక్కు, ఓ మూల కాటన్ చీరలో ఒకావిడ. ఆడవాళ్లు కూడా వస్తారని నువ్వు అనుకోలేదు. రిజిస్టర్ లేదు, ఫీజు లేదు. తాగడం మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడివే.

ఒక్కొక్కరే పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అంటారు. మిగతావాళ్లు పలకరిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డం రారు, సలహాలివ్వరు. తెల్లజుట్టాయన వంతు వస్తుంది.

"మాది జహీరాబాద్ దిక్కు. 95ల ఎన్టీఆర్ మద్యనిషేధం పెడితే మా ఇంటిది కొబ్బరికాయ కొట్టింది. నేనేం జేసిన? బస్సెక్కి బార్డర్ దాటి బీదర్ పోయి తాగొచ్చేటోణ్ని. 97ల నిషేధం ఎత్తేస్తే, ఇగ బస్సు కిరాయి మిగిలిందని సంబురపడ్డ."

గదంతా నవ్వు. నువ్వూ నవ్వుతావు. ఇంట్లో ఈ మాటంటే ఏడుపులే. ఆ నిషేధానికి ముందు, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, ప్రభుత్వం కదిలింది. అది చిన్న విషయం కాదు. కానీ బస్సెక్కేవాణ్ని ఏ చట్టమూ దింపలేదు.

ఈ ఏఏ పుట్టింది కూడా ఇలాగే, ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుతో మాట్లాడితే. 1935 మే నెల, అమెరికాలోని అక్రన్. వ్యాపారం పని మీద న్యూయార్క్ నుంచి వచ్చిన బిల్ విల్సన్‌కి పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒక పక్క బార్ సందడి, ఇంకో పక్క టెలిఫోను, చర్చిల జాబితా. అతను తాగుడు మాని కొన్ని నెలలే అయింది. ఫోనందుకుని, మాట్లాడటానికి ఓ తాగుబోతు దొరుకుతాడా అని అడిగాడు. దొరికినవాడు బాబ్ స్మిత్, సర్జన్. పావుగంట కంటే కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి లేవలేదు. తనలాంటివాడే మాట్లాడుతున్నాడు మరి, ఉపన్యాసం కాదు.

గోడకి వేలాడే ఏఏ పన్నెండు మెట్ల పట్టీలో దేవుడి మాట ఎక్కువే. నమ్మకం లేనివాళ్లకి అది అడ్డే. ఇదొక్కటే దారి అనడం కూడా అబద్ధం. మందులతో, కౌన్సెలింగ్‌తో గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ కుర్చీలో నీకు ఒక్కటి తేలిగ్గా ఉంది: అబద్ధం చెప్పాల్సిన పనిలేదు.

చందా సంచి తిరుగుతుంది. బయటివాళ్ల డబ్బు వీళ్లు తీసుకోరు, అద్దే అయినా టీ అయినా వీళ్ల జేబుల్లోంచే. నీ దగ్గరికి రాగానే పక్కాయన సంచి లాగేస్తాడు. "కొత్తోనివి, నువ్వేం ఎయ్యకు."

టీ కప్పు సాసర్ మీద టకటకలాడుతోంది. సగం టీ ఒలికింది. జహీరాబాదాయన నీ చేతినే చూస్తున్నాడు.

"ఎప్పుడు ఆపినవ్?"

"నిన్న రాత్రి."

"రోజు తాగేటోనివా?"

తలూపుతావు. ఆయన మొహంలో నవ్వు పోతుంది. "రోజు తాగేటోడు ఒక్కసారే ఆపితే ఫిట్స్ వస్తయ్. లేని మనుషులు కనపడ్తరు. పానం మీదికొస్తది. మొదటి కొన్ని రోజులు గండం. మీటింగుతోని అయ్యే పని గాదిది, డాక్టర్ చూడాలె. పా, ఎర్రగడ్డకు పోదాం."

ఎర్రగడ్డ అనగానే నువ్వు వెనక్కి జరుగుతావు. "పిచ్చాసుపత్రికా?"

"తాగుడుకు వార్డుంది ఆడ. నేనూ పన్నోణ్నే."

"నీకెందుకన్నా ఇంత తిప్పలు?"

"నీతోని తిరిగినంతసేపు నేను తాగను గదా." ఆయన అప్పటికే బండి తాళాలు తీశాడు. "ఇంటికి ఫోన్ కొట్టి చెప్పు, దవాఖానకు పోతున్నమని. జేబుల ఆధార్ కార్డుందా?"