ఆక్యుపంక్చర్

సన్నని ఉక్కు సూదులను శరీరంలోని నిర్దిష్ట స్థానాలలో గుచ్చి నొప్పిని, మరికొన్ని బాధలను తగ్గించే ప్రయత్నం చేసే చైనా సంప్రదాయ చికిత్సను ఆక్యుపంక్చర్ అంటారు. ప్రధాన వైద్యానికి బదులుగా కాక తోడుగా వాడినప్పుడు ఇది అనుబంధ చికిత్స అవుతుంది. ‘చీ’ అనే ప్రాణశక్తి దేహమంతటా కొన్ని మార్గాలలో ప్రవహిస్తుందని, అది అడ్డుపడితే రోగం పుడుతుందని ఈ విధానం భావిస్తుంది. నేటి ప్రామాణిక పట్టికలో 361 స్థానాలున్నా, ఆ మార్గాల ఉనికి మాత్రం శరీర నిర్మాణ శాస్త్రంలో రుజువు కాలేదు. ఎండబెట్టి నలిపిన ఆకును వెలిగించి స్థానాలకు వేడి తగిలించే ‘మోక్సా’ దీనికి జంట ప్రక్రియ. వినాయక చవితి పత్రిలో మొదటిదైన మాచీపత్రం ఈ ఆకునిచ్చే మొక్క ప్రజాతికి చెందినదే.

1938లో చైనా వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని బిజయ్ కుమార్ బసు ఆ తరువాత అక్కడే ఈ విద్య నేర్చి, 1959లో కలకత్తాలో చికిత్స ప్రారంభించాడు. తెలంగాణలో దీనికి విద్యాపరమైన ఆశ్రయమిచ్చింది ప్రకృతి వైద్యం: హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల వంటి సంస్థలు బోధించే ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్య, యోగ శాస్త్ర పట్టాలో ఆక్యుపంక్చర్ ఒక పాఠ్యాంశం.

ఫలితాల విషయం సిద్ధాంతం కంటే ఆసక్తికరం. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందిపై జర్మనీలో జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తరువాత అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో 47.6 శాతం, స్థానాలు కాని చోట్ల పైపైన సూదులు గుచ్చిన నకిలీ చికిత్స పొందినవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మంది మెరుగుపడ్డారు. రోగికి ఉపశమనం కలిగిన మాట నిజమే కాని, సూది ఎక్కడ గుచ్చాలన్న శాస్త్రానికి ఇది పెద్దగా బలమివ్వదు.

సూదుల కంటే, చైనా సంప్రదాయ వైద్యంలోనే భాగమైన మూలికల పట్ల ఎక్కువ జాగ్రత్త అవసరం. మన ఈశ్వరి తీగ ప్రజాతికి చెందిన ఒక మొక్క పొరపాటున కలిసిన చైనా మందులను బరువు తగ్గడానికి వాడిన బెల్జియం మహిళలలో అనేకమందికి 1990ల తొలినాళ్లలో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

సిద్దిపేట జిల్లా కొండపాక వంటి వ్యవసాయ మండలాలలో మోకాళ్ల, నడుము నొప్పులతో బాధపడేవారికి ఆక్యుపంక్చర్ కొంత ఉపయోగపడవచ్చు. ఒకసారి వాడి పారవేసే సూదులు, ఛాతీ భాగంలో గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడకుండా చూసే నైపుణ్యం ఇందుకు తప్పనిసరి. నమోదైన వైద్యులు గాని, తగిన శిక్షణ పొందినవారు గాని దీనిని ఆచరించవచ్చని 2003 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు అనుమతించగా, 2019లో కేంద్రం దీనిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.